ఏ గదో చెప్పకండి

లోపలికి వచ్చినవాళ్లకు ముందుగా చెప్పే మాట ఒకటే:
ఏ గదికి వెళ్లారో నాకు చెప్పకండి.
కుర్చీ చూపిస్తాను, మంచినీళ్లు ఇస్తాను,
తొమ్మిది ప్రశ్నలు అడుగుతాను.

డండీలో టే నది మీది మంచు
రైలు వంతెనను సగానికి మింగేసే ఉదయాలు.
మూతబడ్డ జనపనార మిల్లులో, పై అంతస్తున నా బల్ల.
కింద వరుసగా మూడు గదులు, మూడు తీర్ల మాటలు.
ఒక గదిలో, తలలో గిరగిరా తిరిగే వాక్యాన్ని
కాగితం మీదికి దింపి
నువ్వు నిజమేనా అని నిలదీస్తారట.
ఇంకో గదిలో, మనసు సంగతి తర్వాత,
మంగళవారం పదింటికి ఏం చేస్తావో రాయి,
రాసింది చెయ్యి, అంటారట.
మూడో దాంట్లో పోయినవాళ్ల గురించి,
పోకుండానే పోయినవాళ్ల గురించి.

ఎవరి చీటీ ఎటు పడిందో కంప్యూటర్‌కి తెలుసు.
నాకు తెలియకూడదు.
త్రాసు పట్టిన చేతికి ఇష్టాలుంటే
ముల్లు దానంతటదే ఒరుగుతుంది.

అందుకని చెవులకు గంతలు కట్టుకుని వింటాను.
గత రెండు వారాల్లో, అని మొదలుపెడతాను.
నిద్ర. ఆకలి. నేను దండగ అన్న తలంపు.
అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా, దాదాపు రోజూ.
తొమ్మిదో ప్రశ్న దగ్గర నా గొంతు నాకే వినబడుతుంది.
అక్కడ సున్నా కాకపోతే
కలం పక్కన పెట్టి డాక్టర్‌కి ఫోన్ చేస్తాను,
ఆయన వచ్చేదాకా ఆ మనిషి పక్కనే కూర్చుంటాను.
ఆ పూట నేను త్రాసును కాను.

బస్సు డ్రైవర్ డూగల్, ప్రతి జవాబుకి ముందూ
ఎర్రలైటు దగ్గర ఆగినట్టు ఆగుతాడు.
"దాదాపు రోజూకీ, రోజూకీ మధ్య
గడి లేదా అమ్మా?"
లేదు. మూడు వేశాను.
రెండోసారి అతని బూట్లకు బురద.
కొండ ఎక్కాడా? ఎవరైనా ఎక్కమన్నారా?
చూపు తిప్పుకున్నాను.
మూడోసారి రాలేదు. ఫోన్ మోగి మోగి ఆగింది.
పట్టికలో అతని గడి ఖాళీ;
ఖాళీని ఎలా కూడాలో
గణితం తెలిసినవాళ్లు ఒక రోజంతా వాదించుకున్నారు.

సెంగా బడి వంటశాలలో పని చేసేది.
వచ్చినప్పుడు ఇరవై ఒకటి.
నాలుగు నెలలకు తొమ్మిది.
కోటు బొత్తాలు పెట్టుకుంటూ అంది:
"గది చెప్పను, భయపడకు.
ఒకరోజు అరగంట నోరు విప్పలేదు నేను.
ఆ అమ్మాయి గడియారం చూడలేదు.
లేచి, కిటికీ సందులోంచి నా మెడకు గాలి కొడుతోందని
అట్టపెట్టె చింపి మడిచి దూర్చింది.
అంతే, వచ్చి కూర్చుంది."
అది రాసుకోవడానికి ఫారంలో చోటు లేదు.
తొమ్మిది అని రాశాను.

మార్చిలో పట్టిక తెరిచారు.
మూడు గీతలూ కలిసి దిగాయి
ఒకే వాలు మీద దిగే మూడు గొర్రెల్లా.
తేడా ఒక అంకె కూడా లేదు,
అదీ రేపు మళ్లీ తూస్తే నిలుస్తుందో లేదో.
మా పెద్ద డాక్టరమ్మ బిస్కెట్‌ని టీలో ముంచి
అది విరిగి మునిగిపోయేదాకా తెర వంకే చూసింది.
"ముగ్గురూ గెలిచారా, ఎవరూ గెలవలేదా?" అన్నారెవరో.
నాకు డూగల్ అడిగిన గడి గుర్తొచ్చింది.

ఆ రాత్రి బస్సులో
ప్రశ్నలు నన్నే అడుక్కున్నాను, ఊరికే.
ఆరు దాకా లెక్కపెట్టి
నా స్టాపు వచ్చిందని దిగిపోయాను.
రాలేదు. ఇంకా రెండు స్టాపులుంది.
వానలో నడిచాను.

ఇప్పుడు గంతలు అక్కర్లేదు కదా,
మర్నాడు కిందికి దిగి మూడు తలుపులూ తీశాను.
అవే బూడిదరంగు కుర్చీలు, అదే కాగితపు రుమాళ్ల డబ్బా.
ఒక గది కిటికీ సందులో
మడత పెట్టిన అట్టముక్క, చెమ్మకు ఉబ్బి,
గాలి ఇంకా దాన్ని నెడుతూనే ఉంది.
వేలితో లోపలికి తోశాను.

ఏ గదో మీకు చెప్పను.